మాట కూడా మందే

పాఠ్యభాగ ఉద్దేశం

అంటువ్యాధి ప్రబలినప్పుడు వృద్ధులు ఎదుర్కొనే ఇబ్బందులను గ్రహించడం, ఆరోగ్య సమాచారంలోని సత్యాసత్యాలను వివేచించడం, నమ్మదగిన విషయాన్ని సరళమైన తెలుగులో గౌరవంగా పెద్దలకు తెలియజేసే నేర్పును అలవరచుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రోగం వచ్చినప్పుడు మందు కావాలి. ఆ మందు ఎందుకు వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో, దేనిని మానుకోవాలో చెప్పే మాట కూడా కావాలి. మాట తప్పుదారి పట్టిస్తే మంచి మందు గడపలో ఉన్నా గొంతు దిగదు. మాట మంచిదైతే మందు అందేలోగా మనిషికి ధైర్యమైనా నిలుస్తుంది. 2020 నుండి మన సమాజం అనుభవించిన కోవిడ్-19 మహమ్మారి ఈ సత్యాన్ని ఊరూరా నిరూపించింది. ఆ అనుభవాన్ని పల్నాడు ప్రాంతపు వృద్ధుల దృష్టితో పరిశీలించడం ఈ పాఠంలోని విషయం.

మహమ్మారులు మానవజాతికి కొత్తవి కావు. 1918లో వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం భారతదేశంలోనే కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నది. అది ముఖ్యంగా ఇరవై నుండి నలభై ఏళ్ల మధ్య వయస్సు గలవారిని కబళించింది. కోవిడ్-19 స్వభావం వేరు. దీని తాకిడికి ఎక్కువగా గురైనవారు వృద్ధులు. 2020లో మన దేశంలో నమోదైన కోవిడ్ మరణాలలో సగానికి పైగా అరవై ఏళ్లు దాటినవారివే. వయస్సు పెరిగే కొద్దీ శరీరంలోని రక్షణశక్తి మందగించడం, మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటివి అప్పటికే ఉండడం ఇందుకు ప్రధాన కారణాలు. వృద్ధులలో కొందరికి జ్వరం, దగ్గు వంటి స్పష్టమైన లక్షణాలు కనిపించవు. నీరసం, ఆకలి మందగించడం, మాట తడబడడం మాత్రమే కనిపించవచ్చు. అందువల్ల ఇంటివారు జబ్బును గుర్తించేసరికే ఆలస్యమవుతుంది.

అయితే వృద్ధులను బాధించినది వైరస్ ఒక్కటే కాదు. ఒంటరితనం, నిలిచిపోయిన వైద్యం, వీటికి తోడు అబద్ధపు వార్తలు కూడా వారిని కుంగదీశాయి. ఈ మూడింటిలో మొదటి రెండూ అందరికీ కనిపించాయి. మూడవది కంటికి కనిపించకుండానే హాని చేసింది.

రచ్చబండ మూగవోయిన రోజులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. మరునాడే, అంటే మార్చి 12న, ఆంధ్రప్రదేశ్‌లోని తొలి కేసు నెల్లూరులో నిర్ధారణ అయింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. నేడు పల్నాడు జిల్లాగా ఉన్న ప్రాంతం అప్పుడు గుంటూరు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 2020 ఏప్రిల్, మే నెలలలో నరసరావుపేట పట్టణం కేసుల తీవ్రత అధికంగా ఉన్న ప్రదేశాలలో ఒకటిగా నిలిచింది. వీధులకు అడ్డుకట్టలు వెలిశాయి. నిత్యావసరాల కోసం సైతం గడప దాటలేని పరిస్థితి కొన్ని పేటలలో ఏర్పడింది.

పల్నాడుకు ఉత్తరాన కృష్ణానది, ఆవల తెలంగాణ. మాచర్ల, గురజాల, దాచేపల్లి పరిసర గ్రామాలనుండి చదువు కోసం, ఉద్యోగం కోసం హైదరాబాదు చేరిన యువకులు ఎందరో ఉన్నారు. లాక్‌డౌన్ ప్రకటించగానే ఇంటిముఖం పట్టిన వారిలో అనేకులు 2020 మార్చి చివరివారంలో పొందుగల వద్ద రాష్ట్ర సరిహద్దులో నిలిచిపోయారు. నది ఇవతల తల్లిదండ్రులు, అవతల పిల్లలు. బిడ్డ రావాలని ఆశ. వస్తే వెంట జబ్బు వస్తుందేమోనని భయం. ఈ రెండింటి నడుమ నలిగిన వృద్ధుల వేదనను ఏ లెక్కలూ నమోదు చేయలేవు.

పల్లెలో వృద్ధునికి లోకంతో సంబంధం రచ్చబండ ద్వారా, గుడి మండపం ద్వారా, అరుగు ద్వారా ఏర్పడుతుంది. అక్కడ కాలక్షేపం ఒక్కటే జరగదు. ఒకరు తెచ్చిన వార్తను పదిమంది విచారిస్తారు. "నీకెవరు చెప్పారు?" అని ఒకరు అడుగుతారు. "మొన్న పట్నంలో నేను కళ్లారా చూశాను, అట్లా లేదు" అని మరొకరు దిద్దుతారు. అంటే రచ్చబండ వార్తలను వడపోసే జల్లెడ. భౌతిక దూరం పాటించవలసి రావడంతో ఆ జల్లెడ మాయమైంది. వృద్ధునికి మిగిలింది ఇంటిలోని టెలివిజన్, మనుమడి చేతిలోని సెల్‌ఫోన్. అవి రాత్రింబవళ్లు చెబుతూనే ఉంటాయి కాని, ఎదురు ప్రశ్న వేస్తే బదులు చెప్పవు.

మరణం విషయంలో ఈ ఏకాంతం మరింత కఠినంగా తోచింది. తెలుగువారికి "నలుగురు" అనే మాటలో ఒక జీవిత తాత్పర్యం ఉంది. నలుగురిలో బతకాలి, చివరికి నలుగురు మోయాలి అన్నది పెద్దల కోరిక. ఆ రోజులలో ఇరుగుపొరుగువారు చివరి చూపునకు సైతం రాలేకపోయారు. "నాకూ ఇదే గతి పడుతుందా?" అన్న దిగులు ఎందరో వృద్ధుల నిద్రను హరించింది. ఆరోగ్యాన్ని గురించి వారితో మాట్లాడేవారు ఈ దిగులును కూడా గుర్తించి మాట్లాడవలసి ఉంటుంది.

వదంతుల వెల్లువ

వ్యాధితోపాటు సమాచారం కూడా మహమ్మారిలా వ్యాపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఈ స్థితికి ఇన్ఫోడెమిక్ అని పేరు. నిజమూ అబద్ధమూ కలగలిసి, దేనిని నమ్మాలో తెలియనంత సమాచారం ఒక్కసారిగా మీదపడడం దీని లక్షణం.

కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న వదంతి 2020 ఆరంభంలో తెలుగునాట కోళ్ల రైతులను నష్టాలపాలు చేసింది. ఆ భయాన్ని పోగొట్టడానికి 2020 ఫిబ్రవరి 28న హైదరాబాదులో మంత్రులు వేదికపై కోడిమాంసం తిని చూపవలసి వచ్చింది. పది క్షణాలు ఊపిరి బిగబట్టగలిగితే వ్యాధి లేనట్లే అని ఒక ప్రచారం. ఎండలు ముదిరితే వైరస్ చచ్చిపోతుందని మరొక ప్రచారం. ఇవి నిజం కావని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. రాష్ట్రంలో ఒక్క కేసు కూడా నమోదు కాకముందే, 2020 ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒక గ్రామస్థుడు తనకు వచ్చిన సాధారణ జ్వరాన్ని కరోనాగా భ్రమించి, ఫోనులో చూసిన దృశ్యాలతో కలతచెంది ప్రాణం తీసుకున్నాడు. వైరస్ చేరకముందే భయం చేరింది. అసత్యం కూడా ప్రాణాంతకం కాగలదు అనడానికి ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

కొన్ని వార్తలలో అబద్ధం పూర్తిగా ఉండదు. నిజం అంచున అబద్ధం అతుక్కొని ఉంటుంది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంపిణీ అయిన నాటుమందు కోసం వేలాదిమంది తరలివెళ్లారు. ప్రభుత్వం పంపిణీని నిలిపివేసి, పరిశీలన జరిపించి, మే 31న కంటిచుక్కలకు కాక, తక్కిన వాటిలో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. అయితే ఆ మందుతో కోవిడ్ నయమవుతుందనడానికి నిర్ధారణ లేదనీ, వైద్యులు ఇచ్చిన మందులను మానరాదనీ కూడా చెప్పింది. "హాని కనిపించలేదు" అన్న మాటకూ "జబ్బు తగ్గిస్తుంది" అన్న మాటకూ చాలా వ్యత్యాసం ఉంది. మొదటి మాట ఊరు దాటేలోగా రెండవ మాటగా మారిపోవడాన్ని విద్యార్థులు గమనించాలి. పైగా, మందు ఏదైనా, దానికోసం జనం గుంపుగా చేరడమే ఆనాడు ఒక ప్రమాదం.

అర్థం కాని మాట అందని మాటే

వదంతి సులభమైన తెలుగులో వచ్చింది. సత్యం మాత్రం తరచుగా కఠినమైన పరిభాషలో వచ్చింది. ఇది ఆనాటి విచిత్రమైన పరిస్థితి. క్వారంటైన్, ఐసోలేషన్, కంటైన్‌మెంట్ జోన్, కోమార్బిడిటీ అన్న మాటలు ఒక్కసారిగా పల్లెల మీద పడ్డాయి. జబ్బు ఉన్నవారిని విడిగా ఉంచడం ఐసోలేషన్. జబ్బు సోకే అవకాశం కలిగినవారిని కొన్ని రోజులు విడిగా ఉంచి గమనించడం క్వారంటైన్. ఈ తేడాను ఇంత సూటిగా చెప్పి ఉంటే, క్వారంటైన్‌కు తరలించిన ప్రతి మనిషినీ రోగిగా చూసి తలుపులు వేసుకొనే దుస్థితి కొంతైనా తగ్గి ఉండేది.

"పాజిటివ్" అన్న మాట మరొక ఉదాహరణ. వ్యవహారంలో పాజిటివ్ అంటే మంచిది, నెగెటివ్ అంటే చెడ్డది. పరీక్షలో మాత్రం పాజిటివ్ అంటే వైరస్ ఉన్నట్లు, నెగెటివ్ అంటే కనిపించనట్లు. ఆ మాటలను మొదటిసారి వింటున్న వృద్ధునికి ఇది తికమక కలిగించదా? "పరీక్షలో వైరస్ కనిపించింది", "కనిపించలేదు" అని చెబితే సందేహానికి తావుండదు.

మాటల ఎంపికలో అర్థంతోపాటు చరిత్రను కూడా గమనించాలి. తొలిరోజులలో "సామాజిక దూరం" అన్న మాట విరివిగా వినిపించింది. మనుషుల నడుమ శరీరాల ఎడమే కావాలి గాని మనసుల ఎడం కాదన్న ఉద్దేశంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే "భౌతిక దూరం" అన్న అర్థం గల మాటను ఆదరించింది. ఈ మార్పు మన ప్రాంతానికి మరింత అవసరం. అస్పృశ్యతను కవిత్వంతో ఎదిరించిన గుర్రం జాషువా జన్మించిన వినుకొండ ఈ పల్నాడులోనిదే. దూరం, అంటు, ముట్టు, మైల అన్న మాటలతో తరతరాలు అవమానపడిన మనుషులున్న నేలపై "సామాజిక దూరం పాటించండి" అన్న పిలుపు ఏ గాయాన్ని రేపుతుందో ఆలోచించాలి. "రెండడుగుల ఎడం" అనాలా, "రెండు గజాల ఎడం" అనాలా అన్నది కొలతకు సంబంధించిన ప్రశ్న. "ఎడంగా కూర్చుందాం, కలిసే ఉందాం" అన్నది మర్యాదకు సంబంధించిన మాట. ఆరోగ్య సమాచారంలో రెండూ సరిగా ఉండాలి.

అచ్చువేసిన కరపత్రం అందరికీ చేరదన్న సంగతి కూడా మరువరాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో అక్షరాస్యులు సుమారు 44 మంది. స్త్రీలలో చూస్తే కేవలం 28 మంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్యసేతు యాప్ స్మార్ట్‌ఫోను ఉన్నవారికే మొదట ఉపయోగపడింది. మామూలు ఫోనుగల వారికోసం ఆ తరువాతి నెలలో ప్రత్యేకంగా మరొక ఏర్పాటు చేయవలసి వచ్చింది. ఆ రోజులలో ఎవరికి ఫోను చేసినా దగ్గు శబ్దంతో ఆరంభమయ్యే సందేశం వినిపించేది. అది చదువురానివారికి కూడా అందిన సందేశం అన్నది దాని గొప్పతనం. తిరిగి ప్రశ్నించడానికి వీలు లేకపోవడం దాని లోపం.

మారిన సలహా – సడలిన నమ్మకం

వృద్ధులలో చాలామంది వేసిన ప్రశ్న ఒకటి ఉంది: "నిన్న ఒకటి చెప్పారు, నేడు ఇంకొకటి చెబుతున్నారు, దేనిని నమ్మాలి?" ఈ ప్రశ్న న్యాయమైనదే. మాస్కు అందరికీ అవసరం లేదని మొదట వినిపించింది. 2020 ఏప్రిల్ మొదటివారంలో ఇంట్లో కుట్టిన మాస్కు ధరించవలసిందిగా కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. కోవిషీల్డ్ టీకా రెండు మోతాదుల నడుమ వ్యవధి మొదట 4 నుండి 6 వారాలు. 2021 మార్చిలో అది 6 నుండి 8 వారాలైంది. మే నెలలో 12 నుండి 16 వారాలైంది. సరిగ్గా అదే సమయంలో టీకాల కొరత ఉండడంతో, "టీకాలు లేక గడువు పెంచారు" అన్న అనుమానం వ్యాపించింది.

ఇటువంటప్పుడు చేయవలసినది ఏమిటి? మార్పును దాచడం కాదు, మార్పుకు కారణం చెప్పడం. కొత్త వ్యాధి విషయంలో తొలినాడు తెలిసినది కొంతే. పరిశీలన పెరిగే కొద్దీ సలహా మారుతుంది. వర్షం పడుతుందో లేదో చూసి విత్తనం వేసే రోజును మార్చుకొనే రైతును మనం మాట తప్పినవాడని అనము. విజ్ఞానశాస్త్రం కూడా అంతే. "ఇంతవరకు తెలిసినది ఇది, ఇకముందు మారితే మళ్లీ వచ్చి చెబుతాము" అని మొదటనే చెప్పిన మనిషి మీద నమ్మకం సడలదు. "ఇదే చివరి మాట" అని చెప్పి, ఆ మాటను మార్చినవాని మీద నమ్మకం సడలుతుంది. కొరత ఉంటే కొరత ఉన్నదని ఒప్పుకోవడం కూడా నిజాయితీలో భాగమే.

చెప్పేవారు ఎవరు?

పల్నాడుకు నోటిమాటతో విషయాన్ని తరాలు దాటించిన సంప్రదాయం ఉన్నది. పన్నెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధగాథను వీరవిద్యావంతులు గానం చేస్తూ కారంపూడి వీరారాధన ఉత్సవాల ద్వారా నేటికీ నిలుపుకొంటున్నారు. గుంటూరు సీమకు చెందిన షేక్ నాజర్ బుర్రకథను ప్రజాసమస్యల ప్రచారానికి వాహికగా మలచారు. వినేవారికి తెలిసిన గొంతు, తెలిసిన బాణీ ఉంటే బరువైన విషయం సైతం హృదయానికి చేరుతుందని ఈ సంప్రదాయం బోధిస్తుంది.

మహమ్మారి కాలంలో ఆ తెలిసిన గొంతు ఆశా కార్యకర్తది, ఏఎన్ఎంది, ఇంటింటికీ తిరిగిన గ్రామ వలంటీరుది. సుమారు యాభై ఇళ్లకు ఒకరుగా 2019లో నియమితులైన వలంటీర్లు 2020 ఫిబ్రవరి నుండి పింఛనును వృద్ధుల ఇంటివద్దనే అందించారు. ఆరోగ్య కార్యకర్తలతో కలిసి వారు జ్వర పీడితుల వివరాలను సేకరించారు. ఆ వలంటీర్ల ఏర్పాటు నేడు లేదు. 2024 జూలై నుండి సచివాలయ సిబ్బంది ఇంటివద్ద పింఛను అందజేస్తున్నారు. వ్యవస్థలు మారవచ్చు. నెలకొకసారైనా గడపకు వచ్చి పేరు పెట్టి పలకరించే మనిషి మాటకు ఉండే విలువ మాత్రం మారదు.

వృద్ధులు కేవలం వినేవారు కారు, చెప్పగలవారు కూడా. దేశంలో అరవై ఏళ్లు దాటినవారికి టీకాలు 2021 మార్చి 1న ఆరంభమయ్యాయి. అప్పటికి అరవై నిండినవారు 1961 ఆరంభంలో గాని, అంతకుముందు గాని పుట్టినవారు. మశూచి ఊళ్లను పీడించిన కాలం వారికి తెలుసు. "అమ్మవారు పోసింది" అని తలుపుకు వేపమండలు కట్టిన ఇళ్లను వారు చూశారు. వారిలో ఎందరికో భుజం మీదనో ముంజేతి మీదనో ఆనాటి టీకా మచ్చ ఇంకా ఉంది. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచమే ఆ వ్యాధినుండి విముక్తి పొందినట్లు ప్రకటన వెలువడింది. టీకా అంటే భయపడిన పెద్దమనిషికి పాఠం చెప్పడం కంటె, "తాతయ్యా, మీ చేతి మీద ఈ మచ్చ ఎట్లా వచ్చింది?" అని అడగడం మేలు. సమాధానం ఆయన నోటనే వస్తుంది.

చెప్పవలసిన తీరు

ఒక సందర్భాన్ని ఊహించుదాం. అది 2020వ సంవత్సరం. గురజాల సమీపంలోని ఒక పల్లెలో ఇంటర్ చదివే అమ్మాయి తన నాయనమ్మతో మాట్లాడుతున్నది.

"నాయనమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?"

"లేదమ్మా. ఆ మాత్రలేసుకునే వాళ్లకే కరోనా తొందరగా అంటుకుద్దంట. ఫోనులో వచ్చిందని ఎదురింటి తాత చెప్పాడు."

"నీ భయానికి కారణం లేకపోలేదు నాయనమ్మా. బీపీ ఉన్నవాళ్లకి ఈ జబ్బు వస్తే ఇబ్బంది ఎక్కువన్న మాట నిజమే. అందుకనే బీపీని అదుపులో ఉంచుకోమంటున్నారు. మాత్ర మానేస్తే అది పెరుగుద్ది గదా!"

"అట్టాగా? మరి ఇయ్యాల మానేసిన మాత్ర సంగతేంది?"

"ఏఎన్ఎం అక్కకి ఫోను కలుపుతా, నువ్వే అడుగు."

నాయనమ్మ మాట్లాడటం పూర్తయిన తరువాత ఆ అమ్మాయి ఇంకొక ప్రశ్న వేసింది.

"ఇప్పుడు ఎదురింటి తాతకి ఏం చెబుతావు నాయనమ్మా?"

"ఏముందమ్మా! డాక్టర్నడక్కుండా సొంతానికి మాత్ర మానగూడదని చెబుతా."

ఈ సంభాషణలో గ్రహించవలసిన విషయాలు నాలుగు ఉన్నాయి. మొదటిది, ఆ అమ్మాయి "నీకేమీ తెలియదు" అనలేదు. భయంలో ఉన్న కొద్దిపాటి నిజాన్ని ఒప్పుకొని, తప్పును అక్కడినుండి వేరుచేసింది. నిజానికి కొన్ని రక్తపోటు మందుల గురించి 2020 మార్చిలో ఇటువంటి సందేహం లోకమంతటా తలెత్తింది. వైద్యసలహా లేకుండా వాటిని మానరాదని హృద్రోగ వైద్యుల సంఘాలు ప్రకటించాయి. రెండవది, ఒక్క విషయాన్నే చెప్పింది. ఒకేసారి పది జాగ్రత్తలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. మూడవది, తనకు తెలియని దానిని ఊహించి చెప్పక, తెలిసినవారితో నేరుగా మాట్లాడించింది. నాలుగవది, విన్న విషయాన్ని తిరిగి చెప్పించింది. "అర్థమైందా?" అని అడిగితే పెద్దలు మర్యాద కోసమైనా అవునంటారు. ఎదురింటివారికి ఏమి చెబుతావని అడిగితే, అర్థమైనదీ లేనిదీ తెలుస్తుంది. పైగా పెద్దరికానికి గౌరవం దక్కుతుంది.

మాట్లాడే విధానంలోనూ కొన్ని మెలకువలు పాటించాలి. వినికిడి తగ్గినవారికి అరచి చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేటట్లు, నిదానంగా చెప్పాలి. మాస్కు ధరించినప్పుడు పెదవుల కదలిక కనిపించదు కనుక మరింత నిదానం అవసరం. మందు వేళను గడియారంతో కాక దినచర్యతో ముడిపెట్టాలి. "ఉదయం 8 గంటలకు" అనడం కంటె "పొద్దున ఫలహారం కాగానే" అంటే గుర్తుంటుంది. కాగితం మీద రాస్తే అక్షరాలు పెద్దవిగా, మాటలు తక్కువగా ఉండాలి. అంకెలు చెప్పినప్పుడు వాటితోపాటు చేయవలసిన పని చెప్పాలి. "ఆక్సిజన్ శాతం తగ్గకుండా చూసుకోండి" అన్నది అస్పష్టమైన మాట. "వేలికి పెట్టిన పరికరంలో 94 కంటె తగ్గిన అంకె కనిపిస్తే వెంటనే డాక్టరుగారికి చెప్పాలి" అన్నది ఆచరించదగిన మాట. భయపెట్టి చెప్పిన సలహా కొద్దిరోజులే నిలుస్తుంది. కారణం తెలిపి చెప్పిన సలహా అలవాటుగా మారుతుంది.

విద్యార్థుల కర్తవ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్-19 అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. 2020, 2021 సంవత్సరాలలో ఈ మహమ్మారి కారణంగా ప్రపంచంలో అదనంగా సంభవించిన మరణాలు సుమారు 1 కోటి 49 లక్షలని ఆ సంస్థ అంచనా. అత్యవసర పరిస్థితి ముగిసింది గాని, తప్పుడు సమాచారం ముగియలేదు. నేడు మధుమేహం గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, కంటిశుక్లాల గురించి అంతే విరివిగా అసత్యాలు ప్రచారంలో ఉన్నాయి. వాటికి మొదట గురయ్యేది ఇంటిలోని పెద్దలే. ఆ సందేశాలను వారికి చదివి వినిపించేది చాలా ఇళ్లలో విద్యార్థులే.

కావున ఏదైనా ఆరోగ్య సందేశం చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు చెప్పారు? "ఒక పెద్ద డాక్టరు చెప్పారు" అంటే చాలదు. పేరు, సంస్థ ఉండాలి. ఎప్పుడు చెప్పారు? పాత సలహా నేటికి చెల్లకపోవచ్చు. ఎవరికి చెప్పారు? యువకునికి చెప్పినది వృద్ధునికి వర్తించకపోవచ్చు. ఎందుకు చెప్పారు? దాని చివర ఏదైనా అమ్మకం ఉందేమో చూడాలి. సమాధానం దొరకని సందేశాన్ని మరొకరికి పంపకుండా ఆపడమే ఒక సేవ. సందేహం తీరకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుని లేదా ఏఎన్ఎంను అడగాలి. అత్యవసర వాహనం కోసం 108, వయోవృద్ధుల సహాయానికి 14567, మానసిక వేదనలో ఓదార్పునకు 14416 నంబర్లు ఉన్నాయని పెద్దలకు తెలియజేయాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది వినడం. చెప్పేవాడు వినేవాడు కూడా అయినప్పుడే మాటకు విలువ. రోజుకు పావుగంట పెద్దల పక్కన కూర్చుని వారి సందేహాలను వినే విద్యార్థి, తన ఇంటిలో మళ్లీ ఒక రచ్చబండను నెలకొల్పినట్లే. అక్కడ వదంతి జల్లెడలో నిలిచిపోతుంది, నిజం గింజ చేతికి దక్కుతుంది. అటువంటి మాట నిజంగా మందే.

కఠిన పదాలు – అర్థాలు

మహమ్మారి : అనేక దేశాలకు వ్యాపించే అంటువ్యాధి
కబళించు : మింగివేయు
వదంతి : ఆధారం లేని వార్త, పుకారు
వివేచించు : మంచిచెడులను వేరుచేసి చూచు
పరిభాష : ఒక శాస్త్రానికి లేదా వృత్తికి ప్రత్యేకమైన పదజాలం
వ్యత్యాసం : తేడా
నిదర్శనం : ఉదాహరణ, రుజువు
అస్పృశ్యత : అంటరానితనం
వాహిక : సాధనం, చేరవేసేది
మశూచి : స్ఫోటకం, పెద్ద అమ్మవారు

వ్యాకరణాంశాలు

సంధులు
వయోవృద్ధులు = వయః + వృద్ధులు – విసర్గ సంధి
అత్యవసర = అతి + అవసర – యణాదేశ సంధి
ప్రాణాంతకం = ప్రాణ + అంతకం – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు
తల్లిదండ్రులు : తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
భౌతిక దూరం : భౌతికమైన దూరం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
వైద్యసలహా : వైద్యుని సలహా – షష్ఠీ తత్పురుష సమాసం
అసత్యం : సత్యం కానిది – నఞ్ తత్పురుష సమాసం

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పల్నాడు జిల్లా ఎప్పుడు ఏర్పడింది?
2. ఇన్ఫోడెమిక్ అంటే ఏమిటి?
3. ఐసోలేషన్‌కు, క్వారంటైన్‌కు గల తేడా ఏమిటి?
4. అరవై ఏళ్లు దాటినవారికి కోవిడ్ టీకాలు ఎప్పుడు ఆరంభమయ్యాయి?

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. రచ్చబండను రచయిత జల్లెడతో ఎందుకు పోల్చారు?
2. "సామాజిక దూరం" అన్న మాట కంటె "భౌతిక దూరం" అన్న మాట ఎందుకు మేలైనది?
3. ఆరోగ్య సలహాలు మారినప్పుడు ప్రజల నమ్మకాన్ని నిలుపుకొనే మార్గమేది?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కోవిడ్ కాలంలో పల్నాడు వృద్ధులు ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.
2. పెద్దలకు ఆరోగ్య సమాచారం తెలియజేయడంలో పాటించవలసిన మెలకువలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఈ. భాషాకృత్యం
మీ ఇంటిలోని లేదా ఇరుగుపొరుగు పెద్దలను ఒకరిని కలుసుకొని, వారికి సందేహం కలిగించిన ఒక ఆరోగ్య సందేశాన్ని అడిగి తెలుసుకోండి. దానిని పాఠంలోని నాలుగు ప్రశ్నలతో పరిశీలించండి. మీరు తెలుసుకున్న నిజాన్ని కఠిన పదాలు లేకుండా, ఐదు చిన్న వాక్యాలలో, పెద్ద అక్షరాలతో రాసి వారికి వినిపించండి. వారు వేసిన ప్రశ్నలను తరగతిలో చెప్పండి.